పాతదని చెప్పి కొత్త ప్రింటు అంటగడితే...

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. బాపు గారు డిజైన్ చేసిన పాత సినిమా పోస్టర్లు సేకరిస్తుంటాను. 1960ల నాటి అసలు వాల్‌పోస్టర్ అని చెప్పి హైదరాబాద్ వ్యాపారి ఒకరు నాలుగు నెలల క్రితం నాకు 18 వేల రూపాయలకు ఒకటి అమ్మారు. ఈమధ్య పరిశీలనగా చూస్తే మడత గీతలు కంటికి కనిపిస్తున్నాయి గానీ వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంది. డబ్బు వెనక్కి వస్తుందా? నా దగ్గరున్న అసలు పోస్టర్లను టీషర్టుల మీద ముద్రించి అమ్ముకోవచ్చా?

జవాబు: మీరు గమనించిన ఆ మడత గీతలే మీ కేసుకు ప్రాణం. అప్పట్లో పోస్టర్లను మడతపెట్టి విజయవాడ గాంధీనగర్‌లోని సినిమా పంపిణీ కార్యాలయాల నుంచి ఊరూరా థియేటర్లకు పంపేవారు కనుక అసలు పోస్టర్‌కు మడత ఉంటే అది కాగితంలోనే ఉండాలి. మీ దానిలో బొమ్మలో మాత్రమే ఉందంటే, పాత పోస్టర్‌ను స్కాన్ చేసి కొత్తగా ముద్రించారని భావించడానికి బలమైన ఆధారం ఉన్నట్లే. కాబట్టి దానిని లామినేట్ చేయించవద్దు, ఫ్రేము కట్టించవద్దు, డబ్బు చేతికి రాకుండా తిరిగి పంపవద్దు. ముద్రణ తెలిసిన నిపుణుడి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

వస్తువును ఒక వర్ణనతో అమ్మినప్పుడు అది ఆ వర్ణనకు తగినట్లు ఉండి తీరాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అయితే లోపం తెలిసిన తరువాత కూడా కొన్నవారు మాట్లాడకుండా అట్టిపెట్టుకుంటే దానిని అంగీకరించినట్లుగా పరిగణించే అవకాశం ఉన్నందున, ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, మీరు నివసించే చోటనే, అంటే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు, ఈ మొత్తానికి ఫీజు లేదు. పోస్టర్‌ను సొంత సేకరణ కోసం కొన్నారన్న మాట ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే తిరిగి అమ్మడానికో వ్యాపారానికో కొన్నవారిని ఈ చట్టం వినియోగదారుగా గుర్తించదు. "అసలుది" అని రాసిన వాట్సాప్ సందేశాలు మీ ఫోన్‌లోనే భద్రంగా ఉండాలి; వాటిని సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

పోలీసు ఫిర్యాదుకు తొందరపడవద్దని నా సలహా. మోసం నేరం కావాలంటే అమ్మేనాటికే దురుద్దేశం ఉందని రుజువు కావాలి. తానూ మోసపోయానని వ్యాపారి అంటే ఆ కేసు నీరుగారవచ్చు గానీ, డబ్బు తిరిగి ఇవ్వవలసిన బాధ్యత మాత్రం అంతటితో తీరదు.

ఇక టీషర్టులు. పోస్టర్ కాగితం మీది, దాని మీది బొమ్మ మీది కాదు. అసలు పోస్టర్‌ను అలాగే మరొకరికి అమ్ముకోవచ్చు. ప్రతులు తీసే హక్కు మాత్రం కాపీరైట్ యజమానిదే. బాపు గారు 2014 ఆగస్టు 31న కన్నుమూశారు. మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు రక్షణ ఉంటుంది కనుక 2074 చివరి వరకు ఆ బొమ్మలకు కాపీరైట్ ఉంటుంది. అది వారసులదా, డబ్బిచ్చి వేయించుకున్న నిర్మాతదా అన్నది నాటి ఒప్పందాన్నీ కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌నూ బట్టి ఒక్కో పోస్టర్‌కు విడిగా తేల్చుకోవాలి. అనుమతి లేకుండా లాభం కోసం తెలిసి ముద్రిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అనుమతి దొరికితే ఏ బొమ్మ, ఎన్ని ప్రతులు, ఎంత రాయల్టీ అన్నవి సంతకంతో రాయించుకోండి. కాలపరిమితి రాయకపోతే చట్టం దానిని ఐదేళ్లుగానే భావిస్తుంది.