అన్న పోయినప్పటి నుంచి చర్చికి పోబుద్ధి కావడం లేదు. నేను విశ్వాసంలో వెనకబడిపోయినట్టేనా?

వందనాలు తమ్ముడూ. బైక్ యాక్సిడెంట్‌లో మీ అన్న పోయాడని, అప్పటి నుంచి చర్చిలో పాట మొదలవగానే లేచి బయటికి వచ్చేయాలనిపిస్తోందని రాశావు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ‘దేవుని చిత్తం’ అంటుంటే ఒళ్ళు మండుతోందన్నావు. అమ్మ ఏడాది కూడిక, అంటే అన్న జ్ఞాపకార్థం ప్రార్థన కూటం, పెడదామంటోంది, నీకు ఇష్టం లేదు. పాస్టర్లకు ఇలాంటివి ఉండవా అని కూడా అడిగావు.

ఉంటాయి. కాకపోతే పాస్టరు లేచి బయటికి పోలేడు, ఆ పాట ఎత్తుకోవలసింది ఆయనే.

నేను సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పాస్టర్‌ని. ఇప్పుడు హనుమకొండ వైపు ఉంటున్నాను. ఇంతకుముందు డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నప్పుడు నా భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. కీమో కోసం హైదరాబాద్‌కు రైల్లో తీసుకుపోయేవాణ్ణి. శుక్రవారాలు సంఘమంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థన చేసేది. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ళు కూడా అన్నం ముట్టకుండా వచ్చి కూర్చునేవాళ్ళు. అయినా పోయింది.

భూస్థాపన అయిన రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఎవరో మెల్లగా అన్నారు: “అయ్యగారి ఇంట్లో ప్రార్థనే దేవుడు వినలేదంటే ఇక మన ప్రార్థన ఏం వింటాడే?” నాకు వినబడింది. కోపం రాలేదు. నా మనసులోనూ అదే ఉంది. కోపం వచ్చింది ఇంకొకాయన మీద. స్వస్థత కూటాలు పెట్టే ఆయన ఒకరు ఇంటికి వచ్చి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందని చెప్పి టీ తాగి పోయాడు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు నయం, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడుచేశారు. చివర్లో దేవుడు కోప్పడింది దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. ‘దేవుని చిత్తం’ అని అలవోకగా అనేవాళ్ళు యోబు గ్రంథం చివరి అధ్యాయం ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

నీకు మాత్రం నేను చూపించేది యోహాను సువార్త 11వ అధ్యాయం. నీలాగే తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు అందులో ఉన్నారు. కబురు పంపినా యేసు వెంటనే రాలేదు. తీరా వచ్చేసరికి లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. మార్త ఊరి బయటికే ఎదురు పోయి అడిగేసింది: “ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును.” తర్వాత వచ్చిన మరియ కూడా పాదాల మీద పడి అదే మాట అంది. ఇద్దరిదీ ఒకే నిష్ఠూరం. ఆయన ఏ ఒక్కరినీ అవిశ్వాసి అనలేదు. సమాధి దగ్గరికి పోతూ తానే ఏడ్చాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. మన చర్చిల్లోనేమో ‘పరలోకంలో కలుసుకుంటాం కదా, ఏడవద్దు’ అని మైకులో చెబుతాం.

కాబట్టి దేవుడి మీద నీకున్న కోపాన్ని దేవుడికే చెప్పు. అదీ ప్రార్థనే. కీర్తనల గ్రంథంలో మొరపెట్టుకునేవి, నిలదీసేవి చాలా ఉన్నాయి. 88వ కీర్తన చివర్లో స్తుతి కూడా ఉండదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండింటి నుంచి మూడింటి దాకా మనం ధ్యానించే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది, “నా దేవా, నా దేవా, నన్నేల చేయి విడిచితివి?”, అదీ 22వ కీర్తనలోదే. నా భార్య పోయిన తర్వాత వచ్చిన గుడ్ ఫ్రైడేకి, ఏ మాట మీద ఎవరు ప్రసంగించాలో సంఘపెద్దలు పంచినప్పుడు ఆ నాలుగో మాట నాకు వచ్చింది. దానికి నేను పెద్దగా నోట్స్ రాసుకోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మనవాళ్ళలో చాలామందికి పుస్తకం చూసి చదివే ప్రార్థన అంటే చిన్నచూపు. కళ్ళు మూసుకుని అరగంట ధారాళంగా చేస్తేనే ఆత్మీయుడు. నాకు ఆ నెలల్లో సొంతంగా రెండు వాక్యాలు వచ్చేవి కావు. ఆరాధన క్రమంలో ఉన్నదే చదివాను. పాప ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, అన్నీ నాకంటే ముందు ఎవరో రాసి పెట్టినవే. నేను ఒక మాట మింగేస్తే వెనక నుంచి సంఘం అందుకునేది. నువ్వు కూడా అలా వచ్చి కూర్చోవచ్చు. వెనక, తలుపు పక్కన. పాడకు. మిగతావాళ్ళు పాడతారు. సంఘం ఉన్నదే అందుకు. కొన్ని ఆదివారాలు అసలు రాలేకపోయావనుకో, దాన్ని వెనకబడిపోవడం అని నేనైతే అనను.

సంఘం మాటలతో ఎంత విసిగిస్తుందో చేతలతో అంత ఆదుకుంటుంది, అది కూడా చూడు. మా పల్లెలో ఆడవాళ్ళు వంటకు బియ్యం పోసుకునేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి తెస్తారు. వాటిని కొలిచి లెక్క రాసే పని నా భార్యది. ఆమె పోయాక మా వంటింట్లో ఆ డబ్బా సగం నిండి ఉంది. నాకు వండిపెట్టడానికి వచ్చిన మా అక్క అవి మామూలు బియ్యమే అనుకుని వండేసింది. దేవుడి సొమ్ము తిన్నామని తెలిసి అక్క ఒకటే భయం. నాకు నవ్వొచ్చింది, చాన్నాళ్ళకు. ఈ కథ తెలిసిన ఆడవాళ్ళు ఆ తర్వాత మా గుమ్మంలో బియ్యం, కూరగాయలు పెట్టి చెప్పకుండా పోయేవాళ్ళు.

తర్వాత నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. పాస్టర్ ఇల్లు సంఘానిది, ఖాళీ చేసి వచ్చేశాను. సమాధి అక్కడే ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తమ వాళ్ళ దగ్గరికి పోతారు. నేను మాత్రం ఇక్కడి సమాధుల తోటలో ఆరాధన నడిపించాలి కాబట్టి ఆమె దగ్గరికి ఆ రోజు పోలేను, సోమవారం పోతాను. పోయేసరికి సున్నం వేసి, పూలు పెట్టి ఉంటాయి. నేను ఎవరికీ చెప్పలేదు, డబ్బులూ ఇవ్వలేదు. తమ వాళ్ళ సమాధులకు వేసుకుంటూ దానికీ వేస్తారు. అరుగు మీద ఆ మాట అన్నావిడ కూడా వాళ్ళలో ఉండే ఉంటుంది.

పునరుత్థానం మీద నాకు నమ్మకం ఉందా అని అడిగితే, ఉంది. బాధ తగ్గిందా అంటే, అది వేరే లెక్క.

నీకు నిద్ర పట్టకపోయినా, తాగుడు అలవాటవుతున్నా, నేనూ పోతే బాగుండు అనే ఆలోచన వస్తున్నా ప్రార్థనతోనే సరిపెట్టుకోకు. డాక్టర్‌ని కలువు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. షుగర్‌కి మాత్ర వేసుకునే విశ్వాసి దీనికి మాత్రం సిగ్గుపడటం నాకు అర్థం కాదు.

ఇక అమ్మ సంగతి. కూడిక పెట్టనివ్వు. హిందువులైన మన చుట్టాలకు మూడో నాడు పిట్టకు పెట్టుడని, పదకొండో నాడని, ఏడాదికి సంవత్సరీకమని చేతికి పని ఉంటుంది, నలుగురూ కలిసి ఏడ్వడానికి ఒక రోజుంటుంది. మనం అవన్నీ మానేశాం. అమ్మకు మిగిలింది ఈ కూడిక ఒక్కటే. అయితే చిన్నగా, ఇంట్లోనే చేయండి. అప్పు చేసి టెంట్లు వేసి ఊరంతటికీ చికెన్ భోజనాలు పెట్టక్కర్లేదు. అన్నకు ఇష్టమైన పాటలు నాలుగు, వాక్యం పది నిమిషాలు, తర్వాత అతని దోస్తులను మాట్లాడనివ్వండి. వాళ్ళు చెప్పేవి అమ్మ ఎన్నడూ విని ఉండదు. నిన్ను లేపి సాక్ష్యం చెప్పమనొద్దని మీ పాస్టరు గారికి ముందే ఫోన్ చేసి చెప్పుకో, తప్పుగా అనుకోరు. ఫ్లెక్సీ మాత్రం కొట్టించకండి. గేటు ముందు అది నెలల తరబడి అట్లాగే ఉండిపోతుంది, అమ్మ నీళ్ళకు పోయినా పాలకు పోయినా దాన్ని దాటుకునే పోవాలి.