అమ్మమ్మ బీరువానే మొదటి షాపు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉంటాను. 1970ల నాటి చుక్కల చీరలు, బుట్ట చేతుల జాకెట్లంటే ప్రాణం. బొటిక్‌లో ధర వింటేనే టెన్షన్. ఎవరో కట్టి వదిలేసినవి కొనుక్కోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా కొనుక్కో తల్లీ. కానీ ముందు ఊరికి ఫోన్ చేసి, మీ అమ్మమ్మ బీరువాలో ఏమున్నాయో అడుగు. మా అమ్మ ఆరు నైలెక్స్ (నైలాన్ రకం) చీరలు పాతబట్టల అతనికి ఇచ్చి స్టీలు బేసిన్ తీసుకుంది. అందులోని నీలం చుక్కల చీర గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు పీకుతుంది.

బయట కొనాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకు పొద్దున్నే వెళ్లు. చీర మొత్తం విప్పించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. పాత పట్టు ముందు మడతల దగ్గరే చీలుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండిపోవడమే కారణం. నైలెక్స్, పాలిస్టర్‌లకు ఆ భయం తక్కువ, అందుకే మొదట అవే తీసుకో. పట్టు చిరిగినా అంచు గట్టిగా ఉంటే బేరమాడి తీసుకో, సాదా చీరకు వేయించుకోవచ్చు.

పాత జాకెట్లు మాత్రం వద్దు. చంకల దగ్గర చెమటకు గుడ్డ చివికిపోయి ఉంటుంది, కొలతలూ కుదరవు. మ్యాచింగ్ సెంటర్‌లో మీటరు టూ బై టూ (జాకెట్లకు వాడే పల్చని రకం) గుడ్డ కొని బుట్ట చేతులు కొత్తగా కుట్టించు. టైలర్‌కు మీ అమ్మమ్మ పాత ఫొటో చూపించు, నోటితో చెబితే బుట్ట మరీ పెద్దదైపోతుంది.