ఫోన్ స్టోరేజీ సరే, బ్యాంకులో ఉన్న 9,000 మాటేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 31. మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో సేల్స్ చూస్తాను, జీతం 28,000. ఇంట్లో నా భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ ఉంటాం. అమ్మకు బీపీ, షుగర్. నా ఫోన్ 64 జీబీ, కొని నాలుగేళ్లయింది. రోజూ స్టోరేజ్ ఫుల్ అని వస్తోంది. మెడికల్ షాపులో నిలబడి ఆర్డర్ ఎక్కించబోతే యాప్ ఆగిపోతోంది. రెండు ఫోన్లు చూశాను. ఒకటి 128 జీబీ, 17,000, మెమరీ కార్డు వేసుకోవచ్చు. రెండోది 256 జీబీ, 31,000, కార్డు స్లాట్ లేదు. రెండోది క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 2,583 పడుతుంది. నాకు ఖర్చులు పోను 2,800 మిగులుతుంది కాబట్టి కట్టగలను. కార్డు లిమిట్ 40,000, అందులో 14,000 బాకీ ఉంది. మున్నేరు వరదలో బండి మునిగినప్పుడు రిపేరుకు 11,000 గీకాను, అది అలా పెరిగింది. నెలనెలా 700 కడుతున్నాను. లిమిట్ చాలదు కనుక లోన్ యాప్‌లో 8,000 తీసుకుని కార్డుకు కట్టి, ఆ ఖాళీలో ఫోన్ కొందామని ఆలోచన. బ్యాంకులో 9,000 ఉంది. 60,000 చీటీ ఒకటి, నెలకు 3,000, ఇంకా 11 నెలలు ఉంది. షాపులో 500 అడ్వాన్స్ ఇచ్చాను. ఇంటర్నల్ స్టోరేజీ ఎక్కువ ఉన్నది తీసుకోవాలా, మెమరీ కార్డుతో సరిపెట్టుకోవాలా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు టీవీ సైజు గురించి అడుగుతారు, ఒకరు బండి మోడల్ గురించి. అడిగేది వస్తువు గురించే అయినా, ‘నెలకు ఇంత మిగులుతుంది కాబట్టి కట్టగలను’ అనే వాక్యం మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ వాక్యం కోసమే.

2,800 మిగిలితే 2,583 ఈఎంఐ. అంటే ఏడాది పాటు మీ ఇంట్లో నెలకు 217 రూపాయలు మిగులుతాయి. అమ్మకు ఒక్కసారి షుగర్ పరీక్షలు రాసినా, పాపకు జ్వరం వచ్చి రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ 217 సరిపోదు. అప్పుడు మళ్లీ కార్డు గీకుతారు. కట్టగలగడమంటే ఈ నెల కట్టడం కాదు, ఏ నెలలో ఏం జరిగినా కట్టగలగాలి. ఆ లెక్కన మీరు ఈ ఫోన్ కట్టలేరు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఏమనుకోకండి.

దీనికి రుజువు వేరే ఎక్కడా వెతకక్కర్లేదు, మీ ఉత్తరంలోనే ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. మీ బండి ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయి. మీది తిరుగుడు ఉద్యోగం, బండి లేనిదే పని సాగదు, రిపేరు చేయించక తప్పదు. అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఆ రోజు బ్యాంకులో ఒక 15,000 విడిగా ఉండి ఉంటే, మెకానిక్‌కు 11,000 ఇచ్చి ఆ కథ ఆ వారంలోనే ముగించేవారు. వరద నీళ్లు కొన్ని రోజుల్లో తీశాయి. ఆ అప్పు మాత్రం ఏడాది దాటినా తీయలేదు, పైగా 14,000 అయింది.

ఎందుకు తీయలేదో లెక్క చూడండి. మీ కార్డు మీద వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. 14,000 మీద అది 490. దాని మీద 18 శాతం జీఎస్టీ 88. మొత్తం 578. మీరు కట్టే 700లో 578 వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 122. ఈ లోపు అదే కార్డు మీద పెట్రోలో, కిరాణానో గీకి ఉంటారు, లేకపోతే 11,000 ఇంత పెరగదు. పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక మునిగిపోయిన ఉద్యోగస్తులను ఎంతమందిని చూశానో.

ఇప్పుడు అదే కార్డు మీద 31,000 ఈఎంఐ పెడతానంటున్నారు. ఆ ‘నో కాస్ట్’ మాట నమ్మకండి. వడ్డీ సున్నా అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీ ఎంతో అంత ముందే ధరలో తగ్గించినట్టు చూపించి, తర్వాత ఈఎంఐలో వసూలు చేస్తారు. ఏడాదికి 15 శాతం అనుకుంటే మీ ఫోన్ మీద అది దాదాపు 2,380. క్రెడిట్ కార్డు వడ్డీ కాబట్టి దాని మీద మరో 428 జీఎస్టీ, అది మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. రొక్కం ఇస్తే షాపువాడు తగ్గించే వెయ్యో రెండువేలో కూడా పోయినట్టే. ఇక ఈ ఈఎంఐ ప్రతి నెలా మీ మినిమమ్ డ్యూలో, అంటే కార్డుకు నెలనెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తంలో, పూర్తిగా కలుస్తుంది. అప్పుడు 700 కట్టి ఊపిరి పీల్చుకునే వీలు కూడా ఉండదు.

లోన్ యాప్ సంగతి. వద్దు. ఒక అప్పుకు లిమిట్ ఖాళీ చేయడానికి ఇంకో అప్పు, ఆ ఖాళీలో మూడో అప్పు! ఇది రాస్తున్నప్పుడు మీకే తేడాగా ఎలా అనిపించలేదో నాకు అర్థం కావడం లేదు. 2020 చివర్లో మన తెలంగాణలోనే లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లవాళ్లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు లాక్కుని, వాటిని మార్ఫ్ చేసి బంధువులకు పంపి పరువు తీశారు. ఆ తర్వాతే, 2022లో, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, గ్యాలరీ ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నంత మాత్రాన ప్రతి యాప్ పాటిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. మీ ఫోన్‌లో పాప ఫొటోలున్నాయి, మీ మీద నమ్మకంతో సరుకు తీసుకునే మెడికల్ షాపుల నంబర్లున్నాయి. 8,000 కోసం వాటిని ఎవరి చేతిలో పెడుతున్నారో ఆలోచించండి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. చేతిలో డబ్బున్నవాళ్లకైతే నేను ఇంటర్నల్ స్టోరేజీకే ఓటు వేస్తాను. ఒకే మోడల్‌లో 128కి, 256కి తేడా రెండు మూడు వేలే అయితే మెమరీ కార్డు జోలికి పోకుండా పెద్దదే తీసుకోవడం మేలు. ఎందుకంటే బ్యాంకు యాప్‌లు, యూపీఐ, మీ ఆర్డర్ల యాప్, వాట్సాప్ ఇవన్నీ ఇంటర్నల్‌లోనే కూర్చుంటాయి, కార్డులోకి పోవు. వేగంలోనూ పోలిక లేదు. ఫోన్ లోపల ఉండే యూఎఫ్ఎస్ 2.2 రకం స్టోరేజీ సెకనుకు 1,000 ఎంబీ దాకా చదువుతుంది. ఎంత మంచి కార్డు పెట్టినా మామూలు ఫోన్ స్లాట్‌లో 100 ఎంబీ దగ్గర ఆగుతుంది. పైగా కార్డు చెప్పకుండా చచ్చిపోతుంది. మా బంధువుల ఇంట్లో అన్నప్రాశన ఫొటోలన్నీ ఒకే కార్డులో పెట్టుకున్నారు. ఒక రోజు ఫోన్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగింది, అంతే. మూడు వందలకు ఒక టీబీ (వెయ్యి జీబీ) అని అమ్మే కార్డులైతే మోసమే. సైజు పెద్దదిగా చూపిస్తాయి, నిండే కొద్దీ పాత ఫైళ్లు పాడవుతాయి.

కానీ మీ దగ్గరున్న తేడా రెండు మూడు వేలు కాదు, 14,000. అది స్టోరేజీ ధర కాదు, కెమెరా, స్క్రీన్, పేరు అన్నీ కలిసిన ధర. షాపులో ‘256 అయితే మళ్లీ కొనాల్సిన పనుండదు సార్’ అని ఉంటారు. మొన్న మా బావమరిదితో ఫోన్ షాపుకు వెళ్తే అక్కడి కుర్రాడు మొత్తం ధర నోటితో ఒక్కసారి కూడా అనలేదు. కాలిక్యులేటర్‌లో నెల వాయిదా మాత్రం కొట్టి మా వైపు తిప్పాడు. అలా తిప్పి చూపిస్తే 14,000 తేడా నెలకు వెయ్యి చిల్లర లాగా కనిపిస్తుంది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. 64 జీబీలో వాట్సాప్ ఒక్కటే 23 జీబీ తింటోంది. ఫొటోలు, వీడియోలు 12. మీ పని యాప్‌లన్నీ కలిపి 9 కూడా లేవు. మీకు కావాల్సింది 256 జీబీ కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే ఏ గ్రూపు ఎంత తింటోందో పెద్దది ముందు వచ్చేలా చూపిస్తుంది. డీలర్ల గ్రూపు, చుట్టాల గ్రూపు, పాప స్కూలు గ్రూపు. ఫార్వర్డ్ వీడియోలు తీసేయండి, ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. పాప ఫొటోలు ఫోన్‌కు నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకో, ఇంకొకరి కంప్యూటర్‌లోకో ఎక్కించి, రెండు చోట్ల ఉన్నాయని చూసుకున్నాకే ఫోన్‌లోంచి తీయండి. 20 జీబీ ఖాళీ అయితే ఆర్డర్ల యాప్ ఆగడం చాలావరకు తగ్గుతుంది. ఆ ఫోన్‌తో పని చేయించుకునేది ఏజెన్సీ కాబట్టి, పండక్కి ఇచ్చే బోనస్ బదులు ఫోన్‌కు సాయం చేస్తారేమో యజమానిని కూడా ఒకసారి అడగండి.

ఇప్పుడు నాకు ముఖ్యమైన విషయానికి వస్తాను. బ్యాంకులో ఉన్న 9,000లో 4,000 ఈ వారమే కార్డుకు కట్టండి. 5,000 కదపకండి. అది కూడా కార్డుకే కట్టేస్తే వడ్డీ తగ్గుతుందని లెక్కలు తెలిసినవాళ్లు అంటారు. నిజమే. కానీ చేతిలో ఏమీ లేకుండా కూర్చుంటే వచ్చే నెల చిన్న ఖర్చుకే మళ్లీ కార్డు బయటికి వస్తుంది. కార్డును పర్సులోంచి తీసి ఇంట్లో మీ భార్య చేతికివ్వండి. మిగిలిన 10,000 బాకీకి, ఇప్పుడు కట్టే 700, మిగులుతున్న 2,800 కలిపి నెలకు 3,500 కడితే నాలుగో నెలలో బాకీ తీరిపోతుంది.

ఆ తర్వాత ఆ 3,500 ఆపకూడదు. అదే తేదీన, జీతం పడిన మర్నాడే, వేరే బ్యాంకులోని పొదుపు ఖాతాకు పోవాలి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు. పదో నెల పూర్తయ్యేసరికి, ఇప్పుడున్న 5,000తో కలిపి, దాదాపు 29,000 అవుతుంది. మీ ఇంటి ఒక నెల ఖర్చు పైనే. మీ ఉద్యోగానికి, అమ్మ ఆరోగ్యానికి మూడు నెలల ఖర్చు, అంటే 75,000 ఉండాలని నా లెక్క. అంతకు తక్కువైతే నేను ఒప్పుకోను.

పదకొండో నెలలో చీటీ వస్తుంది. ఈ లోపు పాట పాడి నష్టానికి ఎత్తుకోకండి, చివరిదాకా ఉంచండి. 60,000లో కమీషన్ 5 శాతం పోతే 57,000 చేతికొస్తుంది. అందులో 40,000 ఆ ఖాతాలోకి. మిగిలిన 17,000తో, అప్పటికీ అవసరమనిపిస్తే, 128 జీబీ ఫోన్ రొక్కం ఇచ్చి కొనుక్కోండి. కొనేటప్పుడు సిమ్ ట్రే బయటికి తీయించి చూడండి. కొన్నిటిలో రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటుండదు. ఏజెన్సీ సిమ్ కూడా వాడుతుంటే అది మీకు పనికిరాదు. మరో నెల 3,500, చీటీ అయిపోయాక మిగిలే 3,000 కూడా అందులోకే పోతే, ఏడాది తిరిగేసరికి 75,000 దాటుతుంది.

మధ్యలో ఫోన్ పూర్తిగా చచ్చిపోతే? అప్పటికి పోగైన దాంట్లోంచి 11,000 నుంచి 13,000 లోపు 128 జీబీ ఫోన్ తీసుకోండి, దాన్ని మళ్లీ నింపండి. పని ఆగకుండా కాపాడుకోవడం కూడా అత్యవసరమే. దానికోసమే కదా ఆ డబ్బు. 31,000 ఫోన్ మాత్రం అత్యవసరం కాదు.

ఇన్సూరెన్స్ ఒక్క మాట. ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) ఏడాదికి 20, జీవన జ్యోతి (జీవిత బీమా) 436. రెండూ మీ బ్యాంకులో ఈ నెలే చేయించండి, రోజంతా బండి మీద తిరిగేవారు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో అమ్మ పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి. టర్మ్ పాలసీ సంగతి కార్డు బాకీ తీరాక మళ్లీ రాయండి.

షాపులో ఇచ్చిన 500 అడగండి. తిరిగివ్వనంటే గొడవ పెట్టుకోవద్దు, దాని కింద మీ పాత ఫోన్‌కు మంచి కవరు, టెంపర్డ్ గ్లాస్ వేయించుకుని రండి. అది ఇంకో 11 నెలలు పనిచేయాలి.