ఆంప్లిఫయర్ కొనే ముందు నాబ్ ఎవరు తిప్పారో చూడు

అల్లుడా,

నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నా. పాలమూరులో కొత్తిల్లు, హాల్లో స్టీరియో, సంతోషం. ఇప్పుడు ఆ ఆంప్లిఫయర్ తీసేసి అరవై వేలది కొంటానంటున్నావు. షాపులో వింటే గాయని పక్కన కూర్చుని పాడినట్టుందన్నావు. డబ్బు నీది, వద్దనను. కానీ ముప్పై ఏళ్లు నల్గొండ ప్రకాశం బజార్‌లో ఆంప్లిఫయర్లు విప్పి బిగించినవాణ్ణి, చెరువుగట్టు జాతరకు మైక్ సెట్లు కట్టినవాణ్ణి. నా మాట కూడా విను.

షాపులో రెండోది పెట్టినప్పుడు వాల్యూమ్ నాబ్ ఎవరు తిప్పారు?

సౌండ్ రవ్వంత పెంచితే చెవికి పెద్దగా ఉందనిపించదు, బాగుందనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ (సౌండ్ కొలత) పెరిగితే చాలు, బేస్ నిండుగా ఉంది, గొంతు తేటగా ఉంది అనేస్తాం. నేనూ ఓసారి అట్లనే పడ్డాను. ఇంటికి తెచ్చి పాతదాని పక్కన పెట్టి కొలిస్తే, తేడా అంతా నాబ్ దగ్గరే తేలింది. అప్పటికే బిల్లు కట్టేశా. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే ఇట్లా చెయ్. కొత్తదాన్ని రెండు రోజులకు అడిగి తెచ్చుకో. ఫోన్‌లో 100 హెర్ట్జ్ టోన్ (సెకనుకు వందసార్లు ఊగే ఒకే స్వరం) పెట్టి, స్పీకర్ వైర్ల మీద మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో ఉంచు. టోన్ 100 దాటొద్దు, చవక మీటర్లు పై స్వరాల దగ్గర తప్పు చెప్తాయి. ఒకటి 2.00 వోల్టులు చూపిస్తే రెండోది కూడా 2.02 దాటకూడదు, 1.98 కంటే తగ్గకూడదు. రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ వైర్లు మాత్రం ఒకదానికొకటి తగలనివ్వకు, కాలిపోతాయి. స్పీకర్‌ను ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చే చేంజోవర్ స్విచ్ పెడితే ప్లస్, మైనస్ రెండూ మారేది పెట్టు.

తర్వాత మా కోడలిని తెర వెనక కూర్చోబెట్టు. తను ఇష్టమొచ్చినట్టు మారుస్తూ, ఏది మోగుతోందో కాగితం మీద రాసుకోవాలి, నువ్వు చూడకుండా విని చెప్పాలి. పదహారు సార్లు. గుడ్డిగా చెప్పినా ఎనిమిది దాకా కలుస్తాయి. పన్నెండు కలిస్తే అప్పుడు నమ్ముతా, అదృష్టం మీద పన్నెండో అంతకంటే ఎక్కువో కలవడం నూటికి నాలుగు సార్లే. నాకు ఏడు కలిశాయి. ముప్పై ఏళ్ల చెవి!

1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే ఇంజనీరు స్టీరియోఫైల్ అనే ఆడియో పత్రిక వాళ్లతో పందెం కట్టాడు. వాళ్లు మెచ్చిన ఖరీదైన ఆంప్లిఫయర్‌లాగే పలికేటట్టు తన చవకదాన్ని మార్చాడు. ఏది ఏదో వాళ్లు చెప్పలేకపోయారు.

అన్నీ ఒకటే అని మాత్రం అనుకోకు. వాల్వు సెట్టు (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో నడిచేది) వేరుగానే పలుకుతుంది. స్పీకర్ మీద ఎనిమిది ఓమ్‌లని (కరెంటును అడ్డుకునే కొలత) రాసి ఉన్నా, ఒక స్వరం దగ్గర నాలుగు, ఇంకో దగ్గర ఇరవై అవుతుంది. వాల్వు సెట్టు ఆ ఎత్తుపల్లాలకు వంగిపోతుంది, మంచి ట్రాన్సిస్టర్‌ది వంగదు. శక్తి చాలనిదీ తెలిసిపోతుంది. జాతరలో డప్పు దెబ్బ పడ్డప్పుడు సౌండ్ అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్‌లో చూశాను, గుండ్రటి అల నెత్తి క్వారీలో గుట్టను కోసినట్టు చదునైపోతుంది. మైక్ సెట్లలో వినబడే గరగర అదే.

నీ హాలుకు ఆ బాధ లేదు. ఒక వాట్‌కు మీటరు దూరంలో 87 డెసిబెల్ సౌండ్ ఇచ్చే స్పీకర్‌కు రాత్రిపూట పాటలకు ఒక వాట్ అటూ ఇటూ సరిపోతుంది. 50 వాట్ల నుంచి 100కి పోతే పెరిగేది 3 డెసిబెల్సే.

నన్నడిగితే అసలు తప్పు నీ హాలుది. కింద టైల్స్, పైన స్లాబ్, కిటికీలకు ఒక్క కర్టెన్ లేదు. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడు, ఖాళీ గోదాములో కొట్టినట్టు మోగుతుంది. ముందు జంపఖానా పరువు, మందపాటి కర్టెన్లు వెయ్, స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు జరుపు. ఇంకా డబ్బు మిగిలితే స్పీకర్లు మార్చు. అక్కడ తేడా పిల్లలకు కూడా వినబడుతుంది.

మల్టీమీటర్లు నా దగ్గర రెండున్నాయి. ఆదివారం వస్తే ఒకటి తీసుకుపో, స్విచ్ కూడా డబ్బాలో బిగించి ఉంచుతా. అక్కకు చెప్పు, పచ్చడి సీసా ఖాళీ అయిందని.

మీ మామ
నల్గొండ