గట్టు మీద గ్లైరిసిడియా కొమ్మలు చిగురేసి ఎండిపోతే

అన్నా, మార్చిలో చల్క (ఎర్ర ఇసుక నేల) పొలం గట్టు మీద 40 గ్లైరిసిడియా (పచ్చిఆకు ఎరువుకు, మేతకు పెంచే చెట్టు) కొమ్మలు నాటితే చిగురొచ్చి మేలో ఎండిపోయాయన్నారు. తెగులు కాదది. కొమ్మలో దాచుకున్న బలంతోనే ముందు చిగురు వస్తుంది, వేరు తర్వాత దిగుతుంది. ఆ లోపే మన ఎండలకు తేమ ఆరిపోయింది.

మృగశిర వానలకు నేల బాగా తడిశాక మళ్లీ పెట్టండి. లేత రెమ్మలు వద్దు. ఏడాది దాటి ముదిరిన, బొటనవేలికన్నా లావు కొమ్మ, మూడడుగుల పొడవుండాలి. కింది కొస ఏటవాలుగా నరికి, తలకిందులు కాకుండా చూసి, జానెడుకు పైగా లోతు దించి చుట్టూ మట్టి గట్టిగా తొక్కండి. గాలి సందు మిగిలితే వేరు పట్టదు. కోసిన కొమ్మల్ని ఎండలో పడేయొద్దు, ఒకటి రెండు రోజుల్లో నాటేయాలి.

నీళ్లందని గట్టయితే నా మాట వినండి, విత్తనమే మేలు. రాత్రంతా నానబెట్టి మట్టి నింపిన కవర్లలో విత్తి, రెండు మూడు నెలల మొక్క నాటితే తల్లివేరు లోతుకు పోతుంది. కొమ్మ మొక్కకు ఆ వేరు రాదు, కరువుకు త్వరగా వాడుతుంది.

మొదటి ఏడాది ఆకు కోయకండి, ఎంత ఆశగా ఉన్నా. తర్వాత నడుమెత్తున నరికితే గుబురుగా వస్తుంది. ఆ ఆకును వరి నాటుకు పది పదిహేను రోజుల ముందే దమ్ములో తొక్కించాలి; పచ్చిగా కుళ్లుతున్నప్పుడు నాటితే నారు పసుపెక్కుతుంది. మేకలు వాసనకు ముట్టకపోతే ఒక పూట వాడబెట్టి వేయండి. గింజలు, బెరడు మాత్రం విషం, పశువులకు అందనీయకండి.