పళ్ల మచ్చల గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, మర్రిగూడ నుంచి వచ్చి నల్లగొండలో ఇంటర్ చదువుతున్నానని, పళ్ల మీద గోధుమరంగు మచ్చల వల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నానని రాశావు. అసలే మితభాషివి, ఇప్పుడు క్లాసులో నోరే విప్పడం లేదన్నావు. చదివి మనసు చివుక్కుమంది.

ఆ మచ్చలు నువ్వు సరిగ్గా తోముకోక వచ్చినవి కావు. మన దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పుడు, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే పంటి పైపొర, అంటే ఎనామిల్ మీద మచ్చలు పడతాయి. కాబట్టి బొగ్గు, ఉప్పు, నిమ్మకాయ పెట్టి రుద్దడం ఇవాళే ఆపెయ్. మచ్చ పోకపోగా పైపొర అరిగి పళ్లు జివ్వుమంటాయి. మెత్తటి బ్రష్‌తో పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు తోముకో, చాలు.

ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపించు. లేత మచ్చలైతే పైపైన పాలిష్ చేసి తగ్గిస్తారు, ముదురువైతే పంటి రంగు పూత వేస్తారు. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. నాన్నతో చెప్పు, ఇది సోకు కోసం కాదు.

తక్కువ మాట్లాడటం నీ స్వభావం, దాన్ని మార్చుకోనక్కర్లేదు. డౌట్ ఉండి కూడా అడగలేకపోతున్నావే, నాకు బాధ అక్కడ. క్లాసు అయ్యాక సార్ వరండాలోకి రాగానే నోట్సు రెండు చేతులా తెరిచి పట్టుకుని ఒక్కటే డౌట్ అడుగు. చేతులు ఖాళీగా లేకపోతే నోటికి అడ్డం వెళ్లవు.

రాత్రుళ్లు నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.