ఫ్రీలాన్స్ న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా మారాలా, వద్దా?

ఉద్యోగం మానేసి ఇందులోకి రావచ్చా అని అడిగేవాళ్లు కెమెరా గురించే ఆలోచిస్తారు. ముందు డబ్బు వచ్చే తీరు చూడండి. రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ లాంటి వార్తా ఏజెన్సీలు స్ట్రింగర్లతోనూ, అంటే జీతం లేకుండా చేసిన పనికే డబ్బు తీసుకునే బయటివాళ్లతోనూ, పని చేయించుకుంటాయి, కానీ పని లేని రోజు రాబడి సున్నా. లెన్సు పగిలినా, లాఠీ దెబ్బ తగిలినా ఖర్చు చాలావరకు మీదే.

ఫొటో బాగుంటే సరిపోదు. ఊరేగింపు ఇంకా సాగుతుండగానే ఓ మూల కూర్చుని నాలుగు ఫ్రేములు ఏరి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న క్యాప్షన్ తప్పుల్లేకుండా రాసి పంపాలి. ఆలస్యమైతే ఇంకొకరి ఫొటో అచ్చయిపోతుంది.

కాపీరైట్ ఎవరిదో ఒప్పందంపై సంతకానికి ముందే చదవండి. హక్కులన్నీ రాసిచ్చేస్తే ఆ ఫొటో తర్వాత ఎన్నిసార్లు అమ్ముడైనా మీకేమీ రాదు.

నన్నడిగితే, కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటేనో, పెళ్లి ఫొటోల్లాంటి మరో ఆదాయం ఉంటేనో దిగండి.